సర్వర్ ధర కన్నా ముందు కోర్లు లెక్కపెట్టండి

ముప్పై మంది ఉన్న కార్యాలయంలో ఫైళ్లు పంచుకోవడానికి, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నడపడానికి రెండు సర్వర్లలో ఏది చవక అని అడిగారు. మీరిచ్చిన రెండు కొటేషన్లలోనూ యంత్రం ధరే ఉంది. అసలు తేడా లైసెన్సుల్లో బయటపడుతుంది.

మా సంస్థకు సర్వర్ కొన్నప్పుడు నేనూ యంత్రాల ధరలే బేరీజు వేసి, ముందుచూపు అనుకొని, పన్నెండేసి కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) ఉన్న రెండు ప్రాసెసర్ల యంత్రాన్ని ఎంచుకున్నాను. సర్వర్లను నడిపే మైక్రోసాఫ్ట్ ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ సర్వర్‌కు 2016 వెర్షన్ నుంచి కోర్ల లెక్కన లైసెన్సు తీసుకోవాలనీ, ప్రాసెసర్‌కు 8, మొత్తం సర్వర్‌కు 16 కోర్లు కనీసమనీ బిల్లు చేతికొచ్చాకే తెలిసింది. 16 కోర్ల ఒకే ప్రాసెసర్ తీసుకొని ఉంటే ఆ కనీసంతోనే పోయేది. నేను 24 కోర్లకు కట్టాను. నెల తిరిగాక, అందరూ పనిలో ఉన్న వేళ ప్రాసెసర్‌పై ఎంత పని పడుతోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిస్తే, కోర్‌కు రెండేసి చొప్పున ఉన్న నలభై ఎనిమిది గడుల్లో మూడు నాలుగింటిలో తప్ప గీత నేల విడిచి లేవలేదు.

దీనికి క్లయింట్ యాక్సెస్ లైసెన్సులు, అంటే ఆ సర్వర్‌ను వాడుకునే హక్కులు, అదనం. వాటిని మనిషికొకటి గానీ, పరికరానికొకటి గానీ తీసుకోవచ్చు కాబట్టి, ఒకే కంప్యూటర్‌ను ఇద్దరు ముగ్గురు షిఫ్టుల్లో వాడే చోట పరికరాల లెక్కే లాభం. సర్వర్‌లోని ప్రోగ్రాములను దూరం నుంచి తెరిచి వాడే రిమోట్ డెస్క్‌టాప్‌కు మళ్లీ విడిగా కొనాలి. క్లయింట్ యాక్సెస్ లైసెన్సుల అవసరం లేని విండోస్ సర్వర్ ఎసెన్షియల్స్ ఎడిషన్ 25 మంది వరకే కాబట్టి మీకు సరిపోదు.

తర్వాత మేము ఫైళ్ల పంపకాన్ని విండోస్ నుంచి డెబియన్ అనే ఉచిత లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు, దానిపై ఫైళ్లు పంచే సాంబా అనే సాఫ్ట్‌వేర్‌కు మార్చాం. లైసెన్సు ఖర్చు సున్నా అయినా, ఎవరు ఏ ఫోల్డర్ తెరవవచ్చో అనుమతులు సరిచేయడానికి నాకు రెండు వారాంతాలు పట్టాయి. ఆ పని తెలిసినవారు మీ దగ్గర లేకపోతే వారికిచ్చే జీతాన్నో, ఫీజునో లైనక్స్ ఖాతాలోనే వేయండి. కరెంటు కూడా మరవకండి: 150 వాట్లు తీసుకునే యంత్రం రాత్రింబవళ్లు నడిస్తే ఏడాదికి 1,314 యూనిట్లు కాలుతుంది.

కొటేషన్లు పక్కన పెట్టి, ముందుగా అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మినవారిని అది లైనక్స్‌పై నడుస్తుందా, ఏ డేటాబేస్ వాడుతుంది అని రాతపూర్వకంగా అడగండి. మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ అని చెబితే, ఉచితంగా దొరికే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో 2022 వెర్షన్ వరకూ ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ పరిమితి ఉంది. మీ పాత డేటా ఇప్పటికే ఎన్ని జీబీలకు చేరిందో కూడా చూసుకోండి.