తెలుగు పంతులు కోసం ఎవరికి రాయాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా పిల్లల బడిలో తెలుగు పంతులుగారు రిటైరై రెండేళ్లయినా ఆ స్థానంలో ఎవరినీ వేయలేదు. నాలుగో తరగతిలోనే పదకొండు మంది తెలుగు పిల్లలున్నారు. తెలుగులో అర్జీ ఇస్తే ఒడియాలో రాసి తెమ్మన్నారు. భాషా అల్పసంఖ్యాకుల కోసం కేంద్రంలో ఒక కమిషనర్ ఉన్నారట. ఆయన పంతులుగారిని వేయించగలరా? — ఒక తల్లి, గజపతి జిల్లా

జవాబు: ఆయన నేరుగా వేయించలేరమ్మా, అయినా ఆయనకు తప్పక రాయండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు మీ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అందులో చేరింది. మహేంద్రతనయ నదికి ఇవతలున్న పాతపట్నం మాత్రం మద్రాసులోనే ఉండిపోయింది. ఇలా గీత ఎక్కడ గీసినా అటూ ఇటూ వేరే భాషవారు మిగులుతారని ఫజల్ అలీ అధ్యక్షతన ఏర్పడిన రాష్ట్రాల పునర్విభజన సంఘం 1955లో గుర్తించి, వారి రక్షణ బాధ్యతను గవర్నర్లకు అప్పగించమంది. పార్లమెంటు మాత్రం 1956లో ఏడవ రాజ్యాంగ సవరణతో 350బి అధికరణం చేర్చి, అందుకోసం కేంద్రంలో ఒక ప్రత్యేకాధికారిని పెట్టింది. మీరు విన్న కమిషనర్ ఆయనే. ఆయన విచారణ జరిపి రాష్ట్రపతికి నివేదిస్తారు. ఆ నివేదిక పార్లమెంటు ఉభయసభల ముందుకూ, సంబంధిత రాష్ట్ర ప్రభుత్వానికీ వెళ్లాలి. ఉత్తర్వులిచ్చే అధికారం ఆయనకు లేకపోవడం ఈ ఏర్పాటులోని పెద్ద లోటని నా అభిప్రాయం.

మీకు అసలు బలం 350ఎ అధికరణం. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ పాటుపడాలని అది చెబుతుంది; అవసరమైతే రాష్ట్రపతి రాష్ట్రానికి ఆదేశాలివ్వవచ్చు. 1949లో విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్న లెక్క ప్రకారం తరగతిలో పదిమంది గానీ, బడి మొత్తం మీద నలభైమంది గానీ ఉంటే ఆ భాష ఉపాధ్యాయుణ్ణి నియమించాలి. అది చట్టం కాదు, కానీ 1956లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన మెమొరాండంలోనూ ఉంది. మీ పదకొండు మంది ఆ లెక్కకు సరిపోతారు.

అర్జీని ఒడియాలో తిరగరాయనక్కర లేదు. కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా విన్నపం ఇచ్చుకునే హక్కు 350వ అధికరణం ప్రతి ఒక్కరికీ ఇచ్చింది. అర్జీలో తరగతివారీగా పిల్లల సంఖ్య, ఖాళీ ఏర్పడిన తేదీ, మీ అర్జీని తిప్పి పంపిన రోజు రాసి, తల్లిదండ్రులందరి సంతకాలతో జిల్లా విద్యాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ రసీదు నకలును జతచేసి కమిషనర్‌కు పంపండి.