ఏడు సీట్లు కోసిన రాత్రి

ప్రశ్న ఇది: "వైజాగ్‌లో మా వీధి చివర రాత్రి పదకొండు దాటినా కుర్రాళ్ళ గోల, బండ్ల మోత. మొన్న ఎవరో మా కారు అద్దం కూడా పగలగొట్టారు. పోలీసులకు ఫోన్ చెయ్యాలా, ఆ కుర్రాళ్ళతోనే మాట్లాడి చూడాలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి."

నేను రెండూ చేశానండీ. మాది ఎన్‌ఏడీ జంక్షన్‌కి ఇవతల ఒక కాలనీ, పేరెందుకులెండి. రెండో అంతస్తులో ఉంటాం. ముందు గదిలో నా కుట్టుమిషను. పంతొమ్మిదేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కిందకి వెళ్ళాక పనికొస్తుంది.

మా వీధి చివర కాలువ మీద కల్వర్టు ఉంది. సాయంత్రం దాని పిట్టగోడ మీద రిటైరైన పెద్దాళ్ళు కూర్చుంటారు. తొమ్మిదింటికి వాళ్ళు లేస్తారు, పదింటికి గుంటలు దిగుతారు, మా వైపు కుర్రాళ్ళని అలాగే అంటాం లెండి. పది పన్నెండు మంది. క్రికెట్టు, అరుపులు, మధ్యమధ్యలో ఒకడు బుల్లెట్టు బండి స్టార్టు చేసి ఊరికే రేజ్ చెయ్యడం. కంపెనీ సైలెన్సర్ పీకేసి ఇంకేదో పెట్టించాడు. అది మోగితే మా గాజుల స్టాండులో గాజులు గలగలలాడేవి.

మొదట్లో 112 కి చేశాను. 100 కి చేసినా ఒకటే, పలుకుతారు. ఫోన్ ఎత్తిన అమ్మాయి మర్యాదగానే అడ్రసు అడిగింది. పావుగంటలో పోలీసు బండి వచ్చింది కూడా. గుంటలు సైరను వినగానే సందుల్లోకి మాయం. బండి మలుపు తిరిగిందో లేదో మళ్ళీ గోడ మీద ప్రత్యక్షం. ఇలా నెలలో నాలుగుసార్లు. నాలుగోసారి వచ్చిన కానిస్టేబులు "అమ్మా, మేమొచ్చేసరికి ఇక్కడ కుక్కలు తప్ప ఎవరూ ఉండరు, ఎవరిని పట్టుకోమంటారు?" అన్నాడు. అదీ నిజమే కదా.

రూల్సు మాత్రం మన వైపే ఉన్నాయి. 2000 లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రంటే పది నుంచి పొద్దున్న ఆరు దాకా. మైకు పెట్టాలంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. పండగలకి అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు గానీ అది ఏడాదికి 15 రోజులు మించకూడదు. ఈ "పొద్దున్న ఆరు" అన్న ముక్క మా పెద్దాళ్ళెవరికీ రుచించదు. ధనుర్మాసంలో నాలుగున్నరకే మైకు పెట్టించే పెద్దమనిషే కల్వర్టు గుంటల మీద అందరికన్నా ఎక్కువ మండిపడేది. భక్తికి డెసిబెల్స్ లెక్క వర్తించదని ఆయన లెక్క.

నన్ను కూడా వదలొద్దు. పెళ్ళిళ్ళ సీజన్లో నేను రాత్రి పన్నెండు దాకా మిషను తొక్కుతాను. తొక్కుతానంటే, ఇప్పుడు మోటారేలెండి. కింది ఇంటి పిన్నిగారు ఒకసారి పైకొచ్చి "అమ్మాయ్, మంచం అదురుతోందే" అన్నారు. ఫోన్‌లో కొలిచే యాప్ పెట్టి చూస్తే 72 చూపించింది. ఆ యాప్‌లను పోలీసులు లెక్కలోకి తీసుకోరు గానీ నాకు సిగ్గేసింది. మిషను కాళ్ళ కింద పాత దుప్పటి మడత పెట్టాను. పిన్నిగారు మళ్ళీ రాలేదు.

ఇక అసలు సంగతి. ఆగస్టులో ఒక రాత్రి పెద్ద వాన. పొద్దున్నే లైనింగ్ గుడ్డల కోసం పూర్ణామార్కెట్‌కి బయల్దేరి, స్కూటీ సీటు గుడ్డతో తుడిచి కూర్చున్నాను. కూర్చోగానే కింద నుంచి నీళ్ళు ఉబికి చీరంతా తడిసిపోయింది. లేచి చూస్తే వెనక సీటుకి అడ్డంగా జానెడు కోత. స్పాంజి రాత్రంతా వాన తాగింది. పక్క బండి చూశాను, దానికీ అంతే. వరసగా ఏడు బండ్లు. రెండింటికి అద్దాలు కూడా విరిచారు. వాటిలో ఒకదాని అద్దం కేబులుకి వేలాడుతోంది.

అరగంటలో కాలనీ అంతా గేటు దగ్గర చేరింది. "కల్వర్టు గుంటల పనే" అని తీర్పు అయిపోయింది. ఎవరో 112 కి కొట్టారు, ఏఎస్సై గారు వచ్చారు. ఆయన నా సీటు మీద బొటనవేలు పెట్టి రాసి చూసి, "కుక్కలమ్మా. మా క్వార్టర్స్‌లో కూడా ఇలాగే పీకేస్తాయి" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పంతొమ్మిదేళ్ళుగా గుడ్డ కోస్తున్నదాన్ని, చింపినదానికీ కోసినదానికీ తేడా నాకు చెప్తారా? పైకి పరుగెత్తుకెళ్ళి ఒక రెక్సిన్ ముక్క తెచ్చాను, పాత బ్యాగుది. ఆయన ముందే సగం చేత్తో చింపాను, సగం బ్లేడుతో కోశాను. రెక్సిన్‌కి అడుగున పల్చటి గుడ్డ పొర ఉంటుందండీ. చింపితే ఆ పొర పోగులు పోగులుగా బయటికొస్తుంది, అంచు వంకరపోతుంది. కోస్తే పోగు కనపడదు, రెండు అంచులూ దగ్గరపెడితే తలుపులు మూసినట్టు కలిసిపోతాయి. మా సీట్ల కోతలు ఏడూ అలాగే కలిసిపోయాయి. ఏఎస్సై గారు నవ్వి, "మీరు మా క్లూస్ టీమ్‌లో ఉండాల్సిందమ్మా" అన్నారు. వెటకారమో, మెచ్చుకోలో ఇప్పటికీ తేలలేదు. కానీ కుక్క మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇంకో సంగతి నేనొక్కదాన్నే చూశాను. బ్లేడు దిగిన చోట కోత లోతుగా ఉంటుంది, పైకి లేపేచోట తేలిపోతుంది. కుడిచేతి వాటం మనిషి ఎడమ నుంచి కుడికి లాగుతాడు. ఆ ఏడు కోతలూ కుడివైపు లోతు, ఎడమవైపు తేలిక. చేసినవాడిది ఎడమచెయ్యి, సందేహం లేదు. పైగా ఆ ఏడు బండ్లలో రెండు కల్వర్టు గుంటలవే. సొంత బండి సీటు ఎవడైనా కోసుకుంటాడా? మా అపార్టుమెంట్‌లో ఎడమచేత్తో కాఫీ గ్లాసు పట్టుకునే మగమనిషి ఒక్కరే ఉన్నారు, గుంటలని తరిమెయ్యాలని కాలనీ వాట్సాప్ గ్రూపులో రోజూ రాసేదీ ఆయనే. పేరు రాయను. రుజువు లేదు, నమ్మకం ఉంది. మా ఆయనతో అంటే "మన అమ్మాయిది కూడా ఎడమచెయ్యే కదే" అన్నారు. అది హైదరాబాదులో ఉంటోంది, దాని సంగతి ఇప్పుడెందుకు?

ఆ సాయంత్రం కాగితం రాశాను. ఏ తారీఖు, ఎన్ని గంటలకి చూశాం, ఏ బండ్లు, ఎంత నష్టం అని. గ్రూపులో పెడితే అరవై నాలుగు మందిలో నలభై ఒక్కరు సరేనన్నట్టు బొటనవేలు బొమ్మ పెట్టారు. సంతకాలకి ఇల్లిల్లూ తిరిగితే ఐదు వచ్చాయి. ఒకాయన "మా అబ్బాయి పాస్‌పోర్టు ఎంక్వయిరీ ఉంది, స్టేషన్ గొడవ వద్దు" అన్నాడు. ఒకావిడ తలుపు సగమే తీసి "ఆయన లేరు" అంది, వెనక ఆయన దగ్గు వినిపిస్తోంది. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇదే కాలనీ. కరెంటు లేక, నీళ్ళు లేక అల్లాడుతుంటే పై అంతస్తు వాళ్ళకి బకెట్లు అందించడానికి మెట్ల మీద వరసగా నిలబడ్డాం. అప్పుడు గ్రూపూ లేదు, సిగ్నలూ లేదు. నన్నడిగితే ఈ గ్రూపులు వచ్చాకే ఇరుగుపొరుగు పాడైంది. బొమ్మ పెట్టేశాక పని చేసేసినట్టే అనిపిస్తుంది జనానికి.

ఐదు సంతకాలతోనే వెళ్ళాను. ఎస్సై కుర్రాడు, ఓపిగ్గా విన్నాడు. "సీటు కవరుకి ఆరేడొందలు అవుతుందా అమ్మా? ఇంత చిన్న నష్టానికి కోర్టు అనుమతి లేకుండా మేం దర్యాప్తు చెయ్యడానికి లేదు. ఎఫ్ఐఆర్ రాదు, పుస్తకంలో రాసుకుంటాం" అన్నాడు. వీధిలో గోలకైతే కొత్త చట్టం, అదే భారతీయ న్యాయ సంహిత, కింద 1000 రూపాయల దాకా జరిమానా ఉందట. పాత ఐపీసీలో 200 ఉండేదట. వెయ్యి రూపాయలంటే ఆ గుంటలకి ఒక రాత్రి బిర్యానీ ఖర్చు. నేను మాత్రం కదల్లేదు. కాగితానికి స్టాంపు వేసి రసీదు ఇస్తే గానీ లేవనని కూర్చున్నాను, ఇచ్చాడు. ఆ రసీదు జిరాక్సు తీసి మా లిఫ్టు పక్కన అంటించాను. మర్నాడు ఇంకో పదకొండు మంది "మా సంతకం కూడా పెట్టించండి" అంటూ వచ్చారు! వారం తిరక్కుండా మా వాచ్‌మన్ గదిలో బీటు పుస్తకం పెట్టారు. రాత్రి కానిస్టేబులు వచ్చి అందులో టైము వేసి సంతకం పెట్టి వెళ్తాడు. ఫోన్ చేసి రప్పించుకోవడం వేరు, ఆయనంతట ఆయన రోజూ రావడం వేరు. ఎప్పుడొస్తాడో తెలీకపోతే గుంటలకి టెన్షన్.

లైటు సంగతి మర్చిపోయాను. కల్వర్టు స్తంభం లైటు సంక్రాంతి నుంచీ వెలగట్లేదు. సీట్లు కోసింది ఆగస్టులో. ఏడు నెలలు ఎవరికి వాళ్ళం ఇంకెవరో చెప్పి ఉంటారనుకున్నాం. హుద్‌హుద్ తర్వాత ఊరంతా ఎల్ఈడీలు బిగించారని గొప్పలు చెప్పుకోవడమే గానీ మన స్తంభం నంబరు మనకి తెలీదు. వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకి ఆ నంబరు రాసిస్తే నాలుగో రోజుకి వెలిగింది. వెలిగాక సగం మంది గుంటలు పక్క వీధికి జరిగారు. ఆ వీధి వాళ్ళు ఇప్పుడు మమ్మల్ని తిట్టుకుంటున్నారని విన్నాను. వాళ్ళ స్తంభం నంబరు వాళ్ళే చూసుకోవాలి.

ఇంతకీ మీ ప్రశ్న. గోల జరుగుతుండగానే 112 కి చెయ్యండి, అయిపోయాక చేసి లాభం లేదు. పగిలిన అద్దానికి మాత్రం ఫోటో తీసి, రిపేరు బిల్లు పెట్టి కాగితం ఇవ్వండి, రసీదు లేకుండా లేవకండి. కారు అంటున్నారు కాబట్టి ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గర కూడా అది పనికొస్తుంది. అందరూ కెమెరాలు పెట్టించమంటారు. మా వీధిలో పదకొండు కెమెరాలున్నాయి, పదకొండూ ఎవరి గేటు వైపు వాళ్ళవే.

కుర్రాళ్ళతో మాట్లాడటం అడిగారు కదా. గిరి ప్రదక్షిణ రాత్రి సింహాచలం కొండ చుట్టూ ముప్ఫై రెండు కిలోమీటర్లు నడిచేవాళ్ళంతా మా ఎన్‌ఏడీ మీదుగానే వెళ్తారు. ఆ రాత్రి జనానికి మజ్జిగ పోస్తూ ఈ గుంటలే కనపడ్డారు, నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. అక్కడే తెలిసింది, బుల్లెట్టువాడి తల్లి నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆవిడేనని. బీటు పుస్తకం వచ్చాక కూడా వాడి బండి మోత తగ్గలేదు. ఆవిడ మేనకోడలి పెళ్ళికి మగ్గం వర్కు జాకెట్టు నా దగ్గరే ఉంది, పెళ్ళి ఆదివారం. గురువారం వాడే వచ్చాడు తీసుకెళ్ళడానికి.

"ఆంటీ, అమ్మ జాకెట్టు అయిందా?"

"అయింది నాన్నా. హుక్కులే మిగిలాయి. రాత్రి కుడదామంటే నీ బండి చప్పుడుకి చెయ్యి వణుకుతోంది, సూది గుచ్చుకుంటోంది. పాత సైలెన్సర్ ఇంట్లో ఉందా, అమ్మేశావా?"

వాడు తల గోక్కున్నాడు. శనివారం రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ వచ్చాడు. బండి చప్పుడు లేదు. సైలెన్సర్ మార్చాడనుకుని బాల్కనీలోంచి చూశాను. అదే సైలెన్సర్. ఇంజను ఆపేసి, కల్వర్టు దగ్గర్నుంచి చెమటలు కక్కుతూ నెట్టుకొస్తున్నాడు. హుక్కులు కుట్టేసి అప్పటికే రెండు రోజులైంది, కవర్లో పెట్టి ఇచ్చాను.