కొరియన్ బార్బెక్యూకి పిలిచారు: ఎంత అవుతుంది, ఏం తినాలి?

ప్రశ్న: అన్నా, నమస్తే. టెక్సాస్‌లోని రిచర్డ్‌సన్‌లో ఎం.ఎస్. చేయడానికి ఈ ఆగస్టులో వచ్చాను. ల్యాబ్‌లో ఒక కొరియన్ సీనియర్ ఉన్నారు. వచ్చే శనివారం ఆరుగురం కలిసి క్యారల్టన్‌లో కొరియన్ బార్బెక్యూకి వెళ్దామంటున్నారు. మాలో ఒకడు పూర్తి శాకాహారి, ఇద్దరం బీఫ్ తినం. మా అనంతపురం వైపు కియా ఫ్యాక్టరీ వచ్చాక కొరియన్ అక్షరాల బోర్డులు చూశానే గానీ ఒక్కసారీ లోపలికి అడుగు పెట్టలేదు. ఎంత అవుతుంది, ఏం తినాలి, అక్కడ ఎలా మసులుకోవాలి?

జవాబు: తమ్ముడూ, కొరియన్ బార్బెక్యూ అంటే బల్ల మధ్యలో ఉన్న పొయ్యి మీద మాంసం మనమే కాల్చుకుని తినడం. ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం. తిండి దగ్గర పొరపాటు జరిగితే ఆ పూటతో పోతుంది. బిల్లు దగ్గర జరిగిన పొరపాటు ఒకటో తారీఖున అద్దె కట్టేటప్పుడు తెలుస్తుంది.

బోర్డు మీద ‘ఆల్ యూ కెన్ ఈట్ 32 డాలర్లు’ (ఒకే ధరకి తిన్నంత) అని చూసి, 32 డాలర్లే అనుకుని బయల్దేరడం కొత్తగా వచ్చినవాళ్ళు చేసే మొదటి తప్పు. మా బ్యాచ్‌లో ఆ తప్పు చేయనివాళ్ళు లేరు. లెక్క ఇలా వేసుకో. ఆరుగురికి 192. దాని మీద ఇక్కడి సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం, అంటే 15.84. టిప్పు 18 శాతం వేస్తే 34.56. మొత్తం 242.40, తలకి 40.40. క్యాంపస్‌లో గంటకి 12 డాలర్ల పని దొరికినవాడికి ఇది సుమారు మూడున్నర గంటల సంపాదన. (ఎఫ్-1 వీసా మీద వారానికి ఎన్ని గంటలు పని చేయొచ్చన్నది మీ ఇంటర్నేషనల్ ఆఫీసు సైటులో ఉంటుంది, అక్కడ చూసుకో.) ఇందులో సోజు అనే కొరియన్ మద్యం లేదు. 360 మిల్లీలీటర్ల ఆకుపచ్చ సీసా ఒకటి రెస్టారెంట్లో 15 డాలర్ల చుట్టుపక్కల పడుతుంది. తాగేవాళ్ళు ఇద్దరే అయితే ఆ బిల్లు వేరే రాయమని కూర్చున్నప్పుడే చెప్పండి, చివర్లో చెబితే విడగొట్టడం సర్వర్‌కి కష్టం.

ఇంకొకటి. ఆరుగురు, అంతకన్నా ఎక్కువమంది వెళ్తే చాలాచోట్ల టిప్పు వాళ్ళే బిల్లులో కలిపేస్తారు. ‘గ్రాట్యుటీ’ (అంటే టిప్పే) అన్న వరస కోసం బిల్లు మొత్తం వెతుకు. అది చూడకుండా కింద ఖాళీ గడిలో మళ్ళీ 20 శాతం రాసి సంతకం పెడితే, నీ బల్ల మీద ఇంకో 40, 50 డాలర్లు ఊరికే పోయినట్టే. మిషన్ చూపించే శాతాలు కూడా ఒక్కోచోట ట్యాక్స్ కలిపిన మొత్తం మీద వేస్తాయి. టిప్పు ట్యాక్స్ ముందు మొత్తం మీద వేస్తే సరిపోతుంది. అలాగని ఎగ్గొట్టవద్దు. పచ్చిమాంసం పళ్ళేలు మోసి, నాలుగైదు సార్లు పెనం మార్చి, మీ పొగ మధ్య తిరిగే మనిషికి అది జీతంలో భాగం.

ఇప్పుడు మీ శాకాహారి మిత్రుడి సంగతి. ఆల్ యూ కెన్ ఈట్ చోట్ల సాధారణంగా బల్ల మీద కూర్చున్న ప్రతి ఒక్కరూ అదే తీసుకోవాలన్న నియమం ఉంటుంది, ఒకరు తీసుకుని పక్కవాళ్ళకి పంచకుండా. అంటే ఆ అబ్బాయి మొలకలూ అన్నమూ తిని 40 డాలర్లు కట్టాలి. మొహమాటానికి కట్టేస్తాడు, పైకి అనడు, కానీ ఇంకోసారి పిలిస్తే రాడు. అందుకని నా మాట వింటే మొదటిసారి బార్బెక్యూ వద్దు, సున్‌దుబు చిగె అమ్మే టోఫు హౌస్‌కి వెళ్ళండి. క్యారల్టన్‌లో ఓల్డ్ డెంటన్ రోడ్డు మీద హెచ్ మార్ట్ అనే కొరియన్ సూపర్‌మార్కెట్ చుట్టుపక్కల కొరియన్ దుకాణాలే దుకాణాలు, వెతుక్కోవాల్సిన పని లేదు. ఎవరి గిన్నె వాళ్ళది, ఎవరి బిల్లు వాళ్ళది. గిన్నె 16 డాలర్లు అనుకుంటే ట్యాక్సు, టిప్పు కలిపి 20.20, సరిగ్గా సగం. అదీ బరువనిపిస్తే ఫుడ్ కోర్టులో 13 డాలర్ల బిబిమ్‌బాప్ (అన్నం మీద కూరగాయలు, మాంసం పెట్టి ఇచ్చేది, మనం కలుపుకుని తినాలి) ట్యాక్సుతో 14.07. ట్రే మనమే తెచ్చుకుంటాం కాబట్టి అక్కడ టిప్పు అవసరం లేదు.

సున్‌దుబు అంటే గట్టిపడని మెత్తటి టోఫు, చిగె అంటే పులుసు. నల్లటి మట్టిగిన్నెలో బుడగలు వస్తూ బల్ల దాకా వస్తుంది, పక్కన పచ్చి గుడ్డు ఇస్తారు. పులుసు ఉడుకుతుండగానే గుడ్డు కొట్టి వేసేయాలి, ఆలస్యం చేస్తే తెల్లసొన పచ్చిగా మిగిలిపోతుంది. కారం ఎంత అని అడుగుతారు. కొరియన్ మిరప్పొడికి రంగెక్కువ, ఘాటు తక్కువ. గుంటూరు కారం అలవాటున్న నాలుకకి ‘మీడియం’ చప్పగానే ఉంటుంది, ‘స్పైసీ’ చెప్పుకోవచ్చు. అన్నం రాతిగిన్నెలో వస్తే పైపైన గిన్నెలోకి తీసుకుని, అడుగున అంటుకున్న మాడులో వేడినీళ్ళు పోసి మూత పెట్టు. భోజనం అయ్యేసరికి అది నాని గంజిలా తయారవుతుంది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇష్టంగా తినే అడుగంటిన అన్నం రుచే.

శాకాహారం విషయంలో నమ్మకంగా ఒక్క మాట చెప్తాను: మెనూలో ‘వెజిటబుల్’ అని ఉంటే పైన వేసేవి కూరగాయలని మాత్రమే అర్థం, కింద పులుసు నీళ్ళు శాకాహారమని కాదు. ఆ నీళ్ళు ఎక్కువగా ఎండు నెత్తళ్ళు, సముద్రపు నాచు వేసి మరిగించినవి, కొన్నిచోట్ల బీఫ్ ఎముకలవి. కాబట్టి ‘మీట్ ఉందా’ అని అడిగితే ‘లేదు’ అని నిజాయితీగానే చెప్తారు, వాళ్ళ దృష్టిలో నెత్తళ్ళు మాంసం కాదు. ‘యుక్సు’ దేంతో చేశారు అని అడగండి, యుక్సు అంటే ఆ మరిగించిన నీళ్ళు. కిమ్చీలో (పులియబెట్టిన క్యాబేజీ పచ్చడి) చేపల ద్రావణమో ఉప్పు రొయ్యలో పడతాయి. తొక్‌బొక్కీలో బియ్యప్పిండి ముక్కలతో పాటు చేపల కేకు ఉంటుంది. మడతలు పెట్టి పుల్లకి గుచ్చిన ఆమ్లెట్‌లా కనిపించే గోధుమరంగు పొర కూడా చేపే, దాన్ని ఒముక్ అంటారు. జప్‌చే గాజులా మెరిసే సేమ్యాలా ఉంటుంది, అందులో సన్నటి బీఫ్ కలిపి ముందే వండి పెడతారు. నేంగ్‌మ్యోన్ అనే చల్లటి నూడుల్స్‌లో పైన మాంసం తీసేసినా, ఐసు ముక్కలు తేలే ఆ నీళ్ళు ఎక్కువగా బీఫ్ రసమే. బీఫ్ తినని మీ ఇద్దరూ ఇది గుర్తు పెట్టుకోవాలి.

దీనికొక సూత్రం ఉంది. పొద్దున్నే వండి పెట్టినదాంట్లోంచి ఏదీ తీయలేరు, అడిగాక కలిపేదాంట్లోంచి తీయగలరు. అందుకే బిబిమ్‌బాప్ క్షేమం. ‘గోగీ ప్పే జుసెయో’, అంటే మాంసం తీసేయండి అని చెప్పి, రాతిగిన్నెలో ఇచ్చే ‘దోల్‌సొత్’ రకం అడగండి. గుడ్డు తినకపోతే అదీ చెప్పాలి. ఎర్రటి గొచుజాంగ్ (మిరపకాయ ముద్ద) విడిగా ఇమ్మని, అందులో బీఫ్ కలిపారా అని కూడా అడగాలి, కొందరు వేయించిన కీమా కలుపుతారు. గిన్నె వచ్చిన వెంటనే కలపొద్దు. రెండు నిమిషాలు ఆగితే అడుగున అన్నం కరకరలాడుతుంది, అప్పుడు చెంచాతో కింది నుంచి పైకి తిప్పాలి.

భోజనానికి ముందు వచ్చే చిన్న చిన్న గిన్నెలని బాన్‌చాన్ అంటారు. మొలకలు, పాలకూర, ముల్లంగి, ఆలుగడ్డ. వాటికి డబ్బు లేదు, అయిపోతే మళ్ళీ ఇస్తారు. ఒక్కోదానికి బిల్లు వేస్తారేమోనని కొత్తవాళ్ళు వాటిని ముట్టుకోరు. సంగతి తెలిసిన రెండోసారి వాటితోనే కడుపు నింపుకుంటారు. డబ్బు కట్టింది మాంసానికి, కాబట్టి అవి నంజుకోవడానికే.

అయినా శనివారం బార్బెక్యూయే ఖాయమైతే, ఇది చదివి వెళ్ళండి. ఆరుగురి బల్లకి చాలాచోట్ల రెండు పొయ్యిలుంటాయి. ఫోన్ చేసి రెండు పొయ్యిల బల్ల అడిగి, ఒకటి బీఫ్‌కి, ఒకటి పోర్క్, చికెన్‌కి అని కూర్చునేటప్పుడే పంచుకోండి. పట్టకార్లు కూడా కలపొద్దు. పేర్లు గుర్తు పెట్టుకో: ‘సో’ అంటే ఆవు, ‘ద్వేజీ’ పంది, ‘తాక్’ కోడి. ఏమీ చెప్పకుండా ఉత్త ‘బుల్గోగీ’, ఉత్త ‘గాల్బీ’ అని ఉంటే అది బీఫ్. పోర్క్ అయితే ద్వేజీ గాల్బీ, చికెన్ అయితే తాక్ గాల్బీ అని విడిగా రాస్తారు. చాడొల్‌బాగీ బీఫ్, సమ్‌గ్యోప్‌సల్ పోర్క్.

సమయం గంటన్నరో రెండు గంటలో ఇస్తారు, అందరూ వచ్చేదాకా కూర్చోనివ్వని చోట్లూ ఉన్నాయి. చివరి ఆర్డరు గడువుకి కొద్దిగా ముందే ఆపేస్తారు. మొదటి విడతలోనే పది పళ్ళేలు చెప్పడం రెండో పెద్ద తప్పు. ఆరుగురికి మూడు పళ్ళేలు చాలు, అవి సగమయ్యాక ఇంకో రెండు. ఎందుకంటే మిగిలిన మాంసానికి విడిగా డబ్బు వేస్తామని మెనూ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఇంటికి కట్టి ఇవ్వరు కూడా. అన్నం, వేపుళ్ళు, సోడాలు ముందు తెప్పించుకుంటే కడుపు వాటితోనే నిండుతుంది.

కాల్చడం మీ పనే. పెనం మూడు, నాలుగు నిమిషాలు వేడెక్కాక, ముక్కకీ ముక్కకీ సందు ఉండేలా ఒకే వరసలో వేయాలి. కిక్కిరిసి వేస్తే పెనం చల్లబడి, మాంసం నీరు వదిలి, వేగడానికి బదులు ఉడుకుతుంది, రంగు బూడిదలా మారి అంటుకుంటుంది. మసాలా పట్టించని ముక్కలు ముందు, పట్టించినవి తర్వాత. ఈ వరస తప్పితే మసాలాలో ఉన్న చక్కెర మాడి పెనమంతా నల్లబడుతుంది, ఆ తర్వాత ఏది వేసినా చేదు. చాడొల్‌బాగీ కాగితమంత పల్చన, వైపుకి 20, 30 సెకన్లు చాలు. సమ్‌గ్యోప్‌సల్ మందంగా ఉంటుంది, వైపుకి మూడు, నాలుగు నిమిషాలు. పైన చెమట పట్టినట్టు బొట్లు కనిపించాక ఒకసారి తిప్పి, బంగారు రంగు వచ్చాక కత్తెరతో ముక్కలు కోయండి. అవును, కత్తెరే, బల్ల మీదే ఉంటుంది. చికెన్ చివర్లో వేయండి, లోపల గులాబీ రంగు ఏమాత్రం ఉండకూడదు. పచ్చిమాంసం పట్టుకున్న పట్టకారుతో వేగిన ముక్క తీయొద్దు, కడుపు పాడైతే డాక్టరు బిల్లు ఈ బిల్లుకి పదింతలు. పెనం నల్లబడితే ‘బుల్‌పాన్ గారా జుసెయో’ అంటే మార్చేస్తారు. దానికి డబ్బు లేదు, మొహమాటపడొద్దు.

తినే పద్ధతి మనకి సులువే. లెట్యూస్ ఆకు అరచేతిలో పరిచి, ముక్క, వేరుశెనగ గింజంత సామ్‌జాంగ్ (సోయా, మిరప కలిపిన ముద్ద), వెల్లుల్లి రేకు పెట్టి, కిళ్ళీలా మడిచి ఒకే నోటికి. సగం కొరికితే అంతా జారి పళ్ళెంలో పడుతుంది. సామ్‌జాంగ్ ఉప్పన, ఆవకాయ గుజ్జులా కలుపుకోవద్దు. ఘాటు వాసన వేసే గరుకు ఆకు చెడిపోయింది కాదు, దాని పేరు కెన్నిప్.

మర్యాదలు కొన్నే. పెద్దవాళ్ళు మొదలుపెట్టాక తినాలి. అన్నం చెంచాతోనే, గిన్నె బల్ల మీదే ఉంచి తింటారు. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, అది చనిపోయినవాళ్ళకి పెట్టే పద్ధతి. సీనియర్ గ్లాసులో పోసేటప్పుడూ, ఆయన ఇచ్చింది అందుకునేటప్పుడూ రెండు చేతులు. సర్వర్‌ని పిలవాలంటే బల్ల మీద బెల్ ఉంటే నొక్కు, లేకపోతే ‘యోగియో’ (ఇక్కడండీ) అను.

జాకెట్ కారులోనే వదిలెయ్. ఆ పొగ వాసన ఉన్నిలోకి దిగితే డ్రై క్లీనింగ్‌కి ఇంకో 15 డాలర్లు. బుష్ టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు మీదుగా వెళ్తే టోల్ ట్యాగ్ ఉన్న కారులోనే వెళ్ళండి, ట్యాగ్ లేని కారుకి రేటు ఎక్కువ, బిల్లు వారాల తర్వాత ఇంటికొస్తుంది.

చివరి సంగతి. కొరియన్లలో పిలిచిన పెద్దవాళ్ళే బిల్లు కట్టడం ఆనవాయితీ. ఆ సీనియర్ కార్డు తీస్తే ఒకసారి వద్దనండి, రెండోసారి ఒప్పుకోండి, గుంజులాట పెట్టొద్దు. వాళ్ళకి తర్వాత ఇంకోచోటికి వెళ్ళే అలవాటుంది, అక్కడ ఖర్చు మీది. పాలమంచు తురుము మీద ఎర్ర అలసందల్లాంటి తీపి గింజలు వేసిన పాత్‌బింగ్సు ఆరుగురికి రెండు గిన్నెలు సరిపోతాయి, అందరిదీ కలిపి 30 డాలర్ల లోపు. ఆయన కట్టకపోతే, పార్కింగ్‌లో కార్లు ఎక్కకముందే ఎవరి వాటా ఎంతో చెప్పుకుని జెల్‌లో (ఇక్కడి బ్యాంకు ఖాతాల మధ్య ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతి) పంపేయండి. సోమవారం దాకా ఆగితే కార్డు గీసినవాడు అడగలేక, మిగతావాళ్ళకి గుర్తులేక అలాగే ఉండిపోతుంది.