ఎండ ఉన్నా ఫ్యాను తిరగదేం?

ప్రశ్న: మాది హనుమకొండ. మేడపై 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ (వీధి లైన్‌తో కలిసి నడిచే) సోలార్ పెట్టించాం, 78 వేల సబ్సిడీ కూడా వచ్చింది. కానీ మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే ఫ్యాను కూడా తిరగడం లేదు. ఇన్వర్టర్, బ్యాటరీ కలిసి ఉండే హైబ్రిడ్ యంత్రం తీసుకోమని డీలర్ అంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: మీ సోలార్ చెడిపోలేదు. లైన్‌లో కరెంటు లేనప్పుడు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోవాలి. లేదంటే మీ మేడ మీది కరెంటు వీధి తీగల్లోకి వెళ్లి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణాల మీదికి వస్తుంది. ఈ ముక్క అమ్మినవారే చెప్పాల్సింది.

హైబ్రిడ్ అయితే వీధి లైన్‌తో సంబంధం తెంచుకుని ప్యానెళ్లతో, బ్యాటరీతో ఇంటిని నడుపుతుంది. అదీ బ్యాకప్ వైరింగ్‌కు కలిపిన గదులనే. త్రీఫేజ్ ఇంట్లో సింగిల్ ఫేజ్ యంత్రం పెడితే ఒక్క ఫేజ్‌కే దిక్కు.

కొనేముందు రెండు అంకెలు విడివిడిగా అడగండి. ఒకేసారి ఎంత లోడు మోస్తుందో కిలోవాట్లు చెబుతాయి, ఎంతసేపు మోస్తుందో బ్యాటరీలోని యూనిట్లు చెబుతాయి. 5 యూనిట్ల లిథియం బ్యాటరీ నుంచి చేతికందేది సుమారు 4 యూనిట్లు. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ కలిపి 500 వాట్లయితే 8 గంటలు వస్తుంది. టన్నున్నర ఏసీ కూడా వేశారా, రెండు గంటల్లో ఖాళీ! లిథియంలోనూ ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమే అడగండి, వేడికి మెరుగ్గా తట్టుకుంటుంది. అలాగని మన మే నెల ఎండల్లో రేకుల గదిలో బిగించకండి.

మీకు కరెంటు పోయేది ఎప్పుడో ఒక అరగంటే అయితే ఇదంతా దుబారా అంటాను. కేంద్ర సబ్సిడీ ప్యానెళ్ల సామర్థ్యాన్ని బట్టే ఇస్తారు, బ్యాటరీకి అదనంగా ఏమీ రాదు. పగటి మిగులు, లైన్‌కు పంపిన కరెంటునూ లెక్కగట్టే నెట్ మీటర్‌లో ఎలాగూ జమవుతోంది. పాత ట్యూబులర్ బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే దానితోనే ఫ్యాన్లు నడిపించుకోండి. దాని అవుట్‌పుట్‌ను మాత్రం సోలార్ ఇన్వర్టర్ వైపు కలపనివ్వకండి, యంత్రాలు కాలిపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: జమ్మికుంటలో పిండి గిర్ని నడుపుతున్నాను. 5 హెచ్‌పీ మోటారు. 5 కిలోవాట్ల హైబ్రిడ్ పెడితే జనరేటర్ మానేయవచ్చా?

జవాబు: తొందరపడకండి. నడుస్తున్నప్పుడు ఆ మోటారుకు 4 కిలోవాట్ల పైచిలుకు చాలు. నేరుగా స్టార్ట్ చేస్తే మాత్రం ఆ క్షణాన మామూలుకు ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. మోటారును మెల్లగా వేగం పెంచే వీఎఫ్‌డీతో, త్రీఫేజ్ ఇన్వర్టర్‌తో పని జరుగుతుంది కానీ ఖర్చు ఎక్కువ. బిల్లు తగ్గడానికి ఆన్‌గ్రిడ్ పెట్టించుకోండి, జనరేటర్‌ను ఇప్పుడే అమ్మకండి.