ఎలక్ట్రిక్ సైకిల్ కొనబోతున్న చిట్టితల్లికి

చిట్టితల్లీ,

ఇకమీదట ఆఫీసుకు ఎలక్ట్రిక్ సైకిల్ మీదే వెళ్తానన్నావట, మీ నాన్న చెప్పాడు. సంతోషమేసింది, వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. చిన్నప్పుడు చైను ఊడితే ఎవర్నీ పిలవకుండా నువ్వే ఎక్కించుకుని, ఆ గ్రీజు చేతులు గౌనుకి తుడుచుకునేదానివి. బ్యాటరీ దగ్గర మాత్రం ఆ మొండిధైర్యం వద్దమ్మా.

టైర్లు, ట్యూబులు, చైను చాలావరకు మామూలు సైకిల్‌వే సరిపోతాయి. బండి బరువుకు బ్రేక్ ప్యాడ్లు తొందరగా అరుగుతాయి, చూసుకుంటూ ఉండు. హెల్మెట్ సంగతి మళ్లీ చెప్పించుకోకు.

కొనే ముందు ఈ బ్యాటరీ పోతే ఇంకొకటి ఎక్కడ దొరుకుతుందో అడుగు. సరైన జవాబు రాకపోతే ఆ సైకిల్ ఎంత ముచ్చటగా ఉన్నా వద్దు. 2023లో నెదర్లాండ్స్‌లో వాన్‌మూఫ్ అనే ఎలక్ట్రిక్ సైకిళ్ల కంపెనీ దివాలా తీసింది. ఆ సైకిళ్లలో చాలా పార్టులు ఆ కంపెనీ సొంత డిజైన్‌వే కావడంతో, కొన్నవాళ్లకు స్పేర్ల బెంగ పట్టుకుంది.

మీ బాబాయి సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. ఛార్జర్ పాడైతే, పిన్ను పట్టింది కదా అని దొరికినదేదో తెచ్చాడు. వాడి బ్యాటరీ 36 వోల్టులది, పూర్తిగా నిండితే 42. ఆ ఛార్జర్ 48 వోల్టుల బ్యాటరీకి చేసింది, 54.6 ఇస్తుంది. ఛార్జర్ వెనక స్టిక్కరు మీద అంత స్పష్టంగా ఉంది, తిప్పి చూస్తేగా! రాత్రి వీధి తలుపు పక్కనే ఛార్జింగ్ పెట్టి పడుకున్నాడు. తెల్లవారుజామున ఘాటు వాసనకి మీ పిన్నికి మెలకువ వచ్చింది. బ్యాటరీ లోపల దాన్ని కాపాడే బీఎంఎస్ అనే సర్క్యూట్ బోర్డు మాడిపోయింది. మంట రాలేదు కాబట్టి బతికిపోయారు. లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం, పైగా బయటికి పోయే దారి ఆ వీధి తలుపొక్కటే. ఇప్పటికీ తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

కొత్త బ్యాటరీ కోసం వెతికితే, అప్పటికే ఆ మోడల్ తయారీ ఆగిపోయింది. వోల్టులు కలిసిన బ్యాటరీ ఫ్రేములో కూర్చోలేదు, కూర్చున్నదానికి కనెక్టర్ కలవలేదు. మంచి మోటారు ఉన్న సైకిల్ గోడకి ఆనుకుని తుప్పు పట్టింది.

అందుకే ఛార్జర్ ఆ సైకిల్ కంపెనీదే తీసుకో. మెలకువగా ఉన్నప్పుడే, తలుపుకు దూరంగా ఛార్జింగ్ పెట్టు. ఉబ్బిన బ్యాటరీని, కింద పడి సొట్టపోయినదాన్ని ఛార్జ్ చేయనే చేయకు. కొత్త బ్యాటరీ కొనాల్సి వస్తే యూఎల్ 2271 అనే బ్యాటరీ భద్రతా ప్రమాణం గుర్తింపు ఉందో లేదో చూడు.

మోటారు కుదుపుతూ తిరిగితే, మోటారే పోయిందని ఎవరన్నా అంటే వెంటనే డబ్బు తీయకు. చక్రం మధ్యలో ఉండే హబ్ మోటార్లలో చాలావాటికి లోపల మూడు హాల్ సెన్సర్లు, అంటే మోటారు ఎక్కడిదాకా తిరిగిందో కనిపెట్టేవి, ఉంటాయి. వాటి సన్న వైరు ఒక్కటి కనెక్టర్‌లో వదులైనా బండి అలాగే కుదుపుతుంది. ముందు ఆ కనెక్టర్ విప్పి, పిన్ను వంగిందా, నీరు చేరిందా చూడమను.

తెచ్చిన రోజే బ్యాటరీ, మోటారుకు కరెంటును అదుపు చేసే కంట్రోలర్, మోటారు మీది స్టిక్కర్లకు ఫోటోలు తీసి పెట్టుకో. వానకీ ఎండకీ ఆ అక్షరాలు చెరిగిపోతాయి, తర్వాత ఏ పార్టు కావాలో చెప్పలేక తిరగాలి.

ఏ మోడల్ అనుకుంటున్నావో నాకు ఫోన్ చేసి చెప్పు. డబ్బు కట్టేశాక కాదు తల్లీ, కట్టకముందే.

మీ పెద్దనాన్న