మేత తగ్గించిన ఊసరవెల్లి: ముందు గుడ్ల సంగతి తేల్చుకోండి

ప్రశ్న: మేము అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటున్నాం. మా అబ్బాయి ఏడు నెలల యెమెన్ ఊసరవెల్లిని గాజు పెట్టెలో పెంచుతున్నాడు. రోజూ ఎనిమిది, పది కీచురాళ్లు తినేది. కొద్ది రోజులుగా ఒకటి రెండు తిని ఊరుకుంటోంది. పై కొమ్మ ఎక్కడం మానేసింది. మధ్యాహ్నం పూట కూడా కళ్లు మూసుకుంటోంది. దాన్ని తెచ్చిన రోజు పెట్టిన వేడి బల్బు, యూవీ బల్బు బాగానే వెలుగుతున్నాయి. గిన్నెలో నీళ్లు రోజూ మారుస్తున్నాం. బలానికి ఏ మందు ఇవ్వాలి? ఫొటోలు పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: అమ్మా, బలం మందు ఏదీ ఇప్పుడు వద్దు. ఈ వయసులో ఊసరవెల్లి మేత కాస్త తగ్గించడం మామూలే. పగటిపూట కళ్లు మూసుకోవడం మాత్రం మామూలు కాదు. ఆరోగ్యంగా ఉన్న ఊసరవెల్లి వెలుతురులో కళ్లు మూయదు. రెండు కళ్లనూ చెరో దిక్కుకు తిప్పుతూ చుట్టూ గమనిస్తూనే ఉంటుంది. కాబట్టి సరీసృపాలను చూసే పశువైద్యుల దగ్గరకు వీలైతే రేపే తీసుకెళ్లండి. మామూలు కుక్కల, పిల్లుల ఆసుపత్రికి వెళ్లేముందు వీటిని చూస్తారో లేదో ఫోను చేసి కనుక్కోండి.

తొందరపెట్టడానికి కారణం ఉంది. మీరు పంపిన రెండో ఫొటోలో వెనక కాలు స్పష్టంగా కనిపిస్తోంది. ఈ జాతిలో మగదానికి గుడ్డు నుంచి బయటికి వచ్చినప్పటి నుంచే వెనక పాదం మడమ దగ్గర చిన్న ముల్లు ఉంటుంది. మీ దానికి లేదు. అంటే ఇది ఆడది. యెమెన్ ఊసరవెల్లి ఆడది మగదాని తోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది. ఐదారు నెలల వయసు నుంచే అది మొదలుకావచ్చు. ఆ గుడ్ల నుంచి పిల్లలు రావు గానీ, పెట్టకుండా లోపలే ఉండిపోతే ప్రాణం పోతుంది. గుడ్లతో ఉన్నది మేత మానేసి, పెట్టె అడుగున అటూ ఇటూ తిరుగుతూ, గోడలు గీరుతూ తవ్వే చోటు వెతుక్కుంటుంది. చోటు దొరక్క నీరసించిపోతే మీరు చెప్పినట్లే కింది కొమ్మ మీద కళ్లు మూసుకుని కూర్చుంటుంది. నిజంగా గుడ్లే ఉన్నాయో లేదో ఎక్స్‌రేలో తేలుతుంది. పొట్ట నొక్కి చూడకండి, గుడ్లు లోపలే పగిలిపోవచ్చు.

ఈలోగా ఒక అడుగు లోతున్న తొట్టిలో కడిగిన ఇసుక నింపి పెట్టెలో ఉంచండి. ఇసుకలో వేలితో చేసిన బొరియ కూలిపోకుండా నిలిచేంత తడి చాలు. పెట్టెకు మూడు వైపులా గుడ్డ కప్పండి. ఎవరైనా చూస్తున్నారని గ్రహిస్తే తవ్వడం సగంలో ఆపేస్తుంది. మీ అబ్బాయికి ఈ మాట గట్టిగా చెప్పండి, పిల్లలకు తొంగి చూడాలనే ఉంటుంది.

రెండో సంగతి నీరు. గిన్నెలో నిలిచిన నీటిని ఊసరవెల్లి సాధారణంగా తాగదు. ఆకుల మీద జారే చుక్కలను నాకుతుంది. ఫొటోలో రెట్టలో ఉండే సున్నం లాంటి భాగం నారింజ రంగులో ఉంది, కళ్లు లోపలికి పోయాయి. రెండూ ఒంట్లో నీరు తగ్గిందనడానికి గుర్తులు. ఆ భాగం తెల్లగా ఉండాలి. చలికాలంలో ఇంట్లో హీటరు నడుస్తుంటే గాలి మరీ పొడిబారుతుంది. పొద్దున లైట్లు వేయకముందు ఒకసారి, రాత్రి ఆర్పాక ఒకసారి ఆకులన్నీ తడిసేలా సన్నగా నీళ్లు చల్లండి. పగలు ఒక్కో చుక్కే ఆకు మీద పడేలా డ్రిప్పు పెట్టండి. మధ్యలో ఆకులు ఆరాలి, ఎప్పుడూ తడిగా ఉంటే ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. సిరంజితో బలవంతంగా నోట్లో పోయకండి, నీరు శ్వాసనాళంలోకి పోతుంది.

ఇక యూవీ బల్బు. వెలుగుతోంది కదా అనుకోకండి. దాని నుంచి రావాల్సిన యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు కంటికి కనిపించవు. వెలుతురు తగ్గకపోయినా ఆరు నెలల నుంచి ఏడాదిలో ఆ కిరణాలు తగ్గిపోతాయి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ కూడా పనికిరాదు, అద్దం వాటిని ఆపేస్తుంది. గుండ్రటి చిన్న బల్బు తీసేసి, పెట్టె పొడవునా వచ్చే టీ5 అనే సన్నటి రకం యూవీబీ ట్యూబ్‌లైట్ పెట్టండి. ఈ కిరణాలు లేకపోతే శరీరంలో విటమిన్ డీ3 తయారుకాదు. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటబట్టదు. ఎముకలు మెత్తబడతాయి, కాళ్లు వంగుతాయి, కొమ్మ మీద పట్టు సడలుతుంది, నాలుక దూరం సాగదు. కీచురాయిని చూసి కూడా అందుకోలేకపోతే మనం ఆకలి లేదనుకుంటాం. గుడ్లు బయటికి తోసే కండరాలకూ కాల్షియమే కావాలి. గుడ్లు పెట్టే కోడికి ఆల్చిప్పల పొడి ఎంత అవసరమో దీనికీ అంతే. ఎండ కాచుకునే కొమ్మ దగ్గర వేడి 85 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే సరిపోతుంది. రాత్రి అన్ని లైట్లూ ఆర్పేయాలి, ఎర్ర బల్బు కూడా వద్దు.

మేత సంగతి చివరికి వదిలేశాను, ఎందుకంటే ఇవన్నీ సర్దుకుంటే తిండి దానంతట అదే తింటుంది. కీచురాళ్లకు ఒక రోజు ముందు నుంచి ఆకుకూరలు, క్యారెట్ పెట్టి, డీ3 కలపని కాల్షియం పొడి పలచగా అద్ది వేయండి. డీ3, విటమిన్లు ఉన్న పొడి నెలకు రెండుసార్లు చాలు. తినని పురుగులను రాత్రి పెట్టెలో వదలకండి, నిద్రలో ఉన్న దాన్ని కొరుకుతాయి. పెరట్లో మిణుగురులు దొరికినా వేయొద్దు, వాటిలోని విషం చంపేస్తుంది. కోలుకున్నాక రోజు విడిచి రోజు ఐదారు పురుగులు చాలు. ఆడదానికి మేత, వేడి ఎక్కువైతే గుడ్లు మరీ ఎక్కువ కడతాయి, ఒక్క కాన్పులో డెబ్బై వరకూ పెట్టవచ్చు.

వైద్యుల దగ్గరకు వెళ్లేటప్పుడు తాజా రెట్ట ఒక డబ్బాలో పట్టుకెళ్లండి, పేగుల్లో పురుగులున్నాయేమో చూస్తారు. బల్బు పెట్టె, పొడి డబ్బాల ఫొటోలు కూడా చూపించండి. ముట్టుకున్న ప్రతిసారీ మీ అబ్బాయి సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సరీసృపాల నుంచి విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకుతుంది.

మన తెలుగు రాష్ట్రాల్లోని పాఠకులకు ఒక మాట. మన చెట్ల మీద, కంచెల మీద కనిపించేది వేరే జాతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి రక్షణ ఉంది. పట్టడం, పెంచడం, చంపడం నేరం. దానికి విషం లేదు, పంట మీది పురుగులను తింటుంది. రోడ్డు దాటుతూ కనిపిస్తే ఒక పుల్ల అందించి, అది పట్టుకున్నాక వెళ్తున్న వైపే చెట్టు మీద వదిలేయండి.