పదేళ్ల ప్లాన్ అడిగితే పదో తరగతి పిల్ల ఏం చెబుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి మొన్నే పదో తరగతి పరీక్షలు రాసింది. మా బావమరిది కొడుక్కీ ఇదే వయసు. వాడికి ఇంటర్ ఎంపీసీ, బీటెక్ సీఎస్‌ఈ, అమెరికాలో ఎంఎస్, హెచ్-1బి (అక్కడి ఉద్యోగ వీసా), ముప్పై ఏళ్లకు హైదరాబాద్‌లో ఇల్లు అని సంవత్సరాల వారీగా ఎక్సెల్ షీట్ ఉంది. మా పిల్లని అడిగితే "ఇంకా తెలీదు నాన్నా" అంటోంది. అందరూ ఇలా ముందే ప్లాన్ చేసుకుంటారా? మేం వెనకబడ్డామా?
– ఒక తండ్రి, జగిత్యాల

జవాబు: వెనకబడలేదండీ. ఇంతకీ ఆ షీట్ తయారుచేసింది ఎవరు, అబ్బాయా, మీ బావమరిదా? నా దగ్గరికి వచ్చే ఇలాంటి ప్లాన్లు చాలావరకు నాన్నలు వేసినవే, పిల్లాడు పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటుంటాడు.

ముందే ప్లాన్ చేసుకునేవాళ్లు లేరని కాదు, కొన్ని చదువులకు చేసుకోక తప్పదు. డాక్టరునే తీసుకోండి. ఎంబీబీఎస్ హౌస్ సర్జన్సీతో కలిపి ఐదున్నరేళ్లు, పీజీ మూడేళ్లు, సూపర్ స్పెషాలిటీ ఇంకో మూడేళ్లు. మొదటిసారే నీట్‌లో సీటొచ్చి, మధ్యలో ఒక్క ఏడాది కూడా పోకపోయినా స్థిరపడేసరికి ముప్పై దగ్గరపడుతుంది. అలాంటి ఇంట్లో ఫీజు, పెళ్లి, తమ్ముడి చదువు అన్నీ ముందే లెక్క వేసుకోవాలి. సీఏ కూడా అంతే, ఫౌండేషన్, ఇంటర్, ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర పని నేర్చుకోవడం), ఫైనల్ అని వరస ఉంటుంది. అయినా అక్కడా రూల్స్ మారతాయి, 2023లో ఆర్టికల్‌షిప్‌ను మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించారు.

మీ బావమరిది గారి షీట్ సంగతి వేరు. ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు, ఎంఎస్ రెండు, అంటే ఎనిమిదేళ్ల తర్వాత అమెరికా వీసా రూల్స్ ఎలా ఉంటాయో ఇవాళే ఒక గడిలో రాసేశారు! 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు అని ప్రకటించినప్పుడు, అది ఎవరికి వర్తిస్తుందో తేలడానికే కొన్ని వారాలు పట్టింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చేనాటికి బీటెక్ మూడో ఏడాదిలో ఉన్న పిల్లలు, సీఎస్‌ఈలో చేరేటప్పుడు దాని పేరు కూడా విని ఉండరు. ప్లాన్ తప్పని కాదు, ఆ గడులు నింపేది మనం కాదంటున్నాను.

మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల చిన్నప్పటి ప్లాన్ ఏంటో తెలుసా? హైదరాబాద్ తరఫున క్రికెట్ ఆడి, బ్యాంకులో ఉద్యోగం చేసుకోవడం. ఆయనే చెప్పుకున్నారు. ఐఐటీ ఎంట్రన్స్ దాటలేకపోయారు, మణిపాల్‌లో ఎలక్ట్రికల్ చదివారు, కంప్యూటర్ సైన్స్ డిగ్రీ అమెరికా వెళ్లాకే. (వాళ్ల నాన్న ఐఏఎస్ అధికారి, కాలు జారినా పట్టుకునే ఇల్లు అది. ఆ తేడా కూడా మర్చిపోవద్దు.)

మరి ఇప్పుడు దేని గురించి ఆలోచించాలి? ఇప్పుడు వదిలేస్తే మళ్లీ దొరకనివాటి గురించి. ఎంపీసీ తీసుకుంటే మెడిసిన్, బైపీసీ తీసుకుంటే ఇంజనీరింగ్ దాదాపు వదులుకున్నట్టే. ఎన్‌డీఏకి (సైనిక అధికారులను తయారుచేసే అకాడమీ) ఇప్పుడు అమ్మాయిలనూ తీసుకుంటున్నారు కానీ వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర లోపే, ఎయిర్‌ఫోర్స్, నేవీ కావాలంటే ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి. అదే కలెక్టర్ అవ్వాలనో లాయర్ అవ్వాలనో ఉంటే ఏ గ్రూపైనా పర్లేదు, సివిల్స్‌కి ఏదో ఒక డిగ్రీ, ఇరవై ఒకటి నిండితే చాలు. అంటే మీ అమ్మాయి "తెలీదు" అనడానికి ఇంకా బోలెడు టైముంది, తేల్చుకోవాల్సింది గ్రూపు ఒక్కటే.

ఆ గ్రూపు తేల్చడానికి మార్కులు చూడొద్దు, పదిలో అందరికీ వస్తున్నాయి. లెక్క తప్పొస్తే ఏం చేస్తుందో గమనించండి. కొట్టేసి మళ్లీ మొదటి నుంచి చేస్తుందా, వెనక పేజీలో ఆన్సర్ చూసి పుస్తకం మూసేస్తుందా? ఈ సెలవుల్లో రెండు మూడు చోట్లకి తీసుకెళ్లండి, పశువుల ఆసుపత్రి, తెలిసినవాళ్ల బ్యాంకు, కోర్టు, ఏదైనా సరే, ఒక పూట కూర్చుని చూడనివ్వండి. ఇంటికొచ్చాక "నచ్చిందా" అని అడక్కండి, "నచ్చింది" అనేస్తారు. అక్కడ వాళ్లు ఏం చేస్తున్నారో చెప్పమనండి. దేని గురించి ఎక్కువసేపు చెబుతుందో మీకే తెలిసిపోతుంది.

షీట్ వేయాలని మీకు అంతగా ఉంటే మీ పేరు మీద వేసుకోండి. ఏ ఏడాది ఎంత దాచగలరు, కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌కి రెండేళ్లకే మొత్తం పోస్తే డిగ్రీకి ఏం మిగులుతుంది, లోన్ అయితే కిస్తీ ఎవరు కడతారు, ఇవి నిజంగా ఏళ్ల ముందు చూసుకోవాల్సినవి. పెళ్లికని విడిగా దాచిన డబ్బు ఉంటే, అందులోంచి చదువుకు తీయడానికి మీరు ఒప్పుకుంటారో లేదో కూడా ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి. ఈ మాట చాలా ఇళ్లలో బీటెక్ మూడో ఏడాది ఫీజు దగ్గర గానీ బయటికి రాదు.

ఇంకొకటి, మీకు దగ్గరే కాబట్టి చెబుతున్నాను. బాసర ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కుల మీదే సీటిస్తారు, ఇంటర్, బీటెక్ కలిపి ఆరేళ్లు. పాలిసెట్ రాస్తే మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా, తర్వాత ఈసెట్ పరీక్షతో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. రెండింటికీ ఈ వేసవిలోనే చూసుకోవాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు లేకపోతే రేపే మీసేవకి వెళ్లండి, రిజల్ట్స్ వచ్చాక అక్కడ నిలబడటానికి చోటుండదు.